పేవ్‌మెంట్‌ని ఫెయిల్యూర్ అంటే ఎలా అండీ

అమెరికన్ రాక్ బ్యాండ్ పేవ్‌మెంట్ మీద మీ ఆర్టికల్ బానే ఉంది గానీ, వాళ్ళు స్టార్లయ్యే ఛాన్స్ చేజార్చుకున్నారు అన్న ముక్క మాత్రం నాకు ఎక్కలేదు. 1994లో వాళ్ళ పాట 'కట్ యువర్ హెయిర్' ఎమ్‌టీవీలో తిరిగింది, మరుసటి ఏడాదే 'వౌవీ జౌవీ' లాంటి అడ్డదిడ్డం ఆల్బమ్ తెచ్చారంటే హిట్ల మీద అంత మోజు లేదనే కదా (నాకైతే అదే బెస్టు, తిట్టుకోండి). అసలు వాళ్ళ మొదటి డ్రమ్మర్ గ్యారీ యంగ్‌కి ఆర్టికల్‌లో ఒక్క లైనేనా?? మొదటి ఆల్బమ్ రికార్డయిందే కాలిఫోర్నియాలోని స్టాక్‌టన్‌లో ఆయన ఇంటి స్టూడియోలో, మిగతావాళ్ళకంటే వయసులో బాగా పెద్ద, డ్రమ్స్ వదిలేసి స్టేజి మీద తలకిందులుగా నిలబడేవాడు, షోకొచ్చినవాళ్ళకి కూరగాయలు పంచేవాడు, 1993లో ఆయన వెళ్ళిపోయాక సౌండ్ శుభ్రపడింది గానీ ఆ పిచ్చి పోయింది. 2023లో పోయారు పాపం. ఇంకోటి, 1999లో విడిపోయిన బ్యాండ్‌కి స్పాటిఫైలో అన్నిటికంటే ఎక్కువమంది వినే పాట ఏంటంటే అప్పట్లో ఆల్బమ్‌లో చోటే దక్కని 'హార్నెస్ యువర్ హోప్స్', టిక్‌టాక్‌లో పిల్లలు ఊపేశారు, 2022లో దానికి కొత్తగా వీడియో కూడా తీశారు. ఇదంతా వదిలేసి కెరీర్ అయిపోయింది అంటే ఎలా, పార్ట్ 2 రాయండి సార్.