స్మార్ట్ బోర్డు ఇన్‌చార్జి గారి మనవి

మా బడిలో స్మార్ట్ బోర్డుకి ఇన్‌చార్జిని నేనే. రిమోట్ ఎవరి దగ్గర ఉండాలని మీటింగ్‌లో అడిగినప్పుడు అందరూ తల వంచుకున్నారు. నేను వంచుకోవడం ఒక్క క్షణం ఆలస్యమైంది, అంతే. అప్పట్నుంచి రిమోటూ, దాని బ్యాటరీలూ, వాడకం రిజిస్టరూ నా నెత్తినే ఉన్నాయి. తరగతి గదిలో టెక్నాలజీని సమర్థంగా వాడటం ఎలా అన్న విషయం మీద మాట్లాడే అర్హత కూడా అలా వచ్చిందే.

ముందు సమర్థత అంటే ఏమిటో తేల్చుకుందాం. తెలియనివాళ్లు దీన్ని పిల్లలకి పాఠం అర్థమైందా లేదా అన్నదానితో ముడిపెడతారు. రిజిస్టర్ చూడకుండా మాట్లాడితే ఇలాగే ఉంటుంది. అందులో తేదీ, తరగతి, ఆన్ చేసిన టైము, ఆఫ్ చేసిన టైము, సంతకం, రిమార్కులు అని కాలమ్స్ ఉన్నాయి. అర్థమవడానికి కాలమ్ లేదు. లేని కాలమ్‌లో నేనేం రాయను? కాబట్టి బోర్డు ఎంతసేపు వెలిగితే అంత సమర్థత. ఆ లెక్కన మా బడి చరిత్రలోకెల్లా గొప్ప రోజు, నేను సాయంత్రం బోర్డు ఆఫ్ చేయడం మర్చిపోయి ఇంటికెళ్లిపోయిన రోజు. రాత్రంతా ఖాళీ బెంచీలకి సౌర కుటుంబం పాఠం నడిచింది. మొత్తం పదహారు గంటలు. ఆ నెల పైనుంచి మెచ్చుకుంటూ మెసేజ్ వచ్చింది. నేను వినయంగా థాంక్స్ చెప్పాను.

ఈ మార్గంలో నాకంటే ముందు నడిచిన పెద్దలు చాలామంది ఉన్నారు. బడుల్లో పుస్తకాలకి త్వరలో కాలం చెల్లుతుందనీ, సినిమా పుణ్యమా అని పదేళ్లలో చదువు తీరే మారిపోతుందనీ ఎడిసన్ 1913లోనే చెప్పాడు. పదేళ్లు గడిచాయి, పుస్తకాలు అలాగే ఉన్నాయి. ఈలోగా రేడియో వచ్చింది. తర్వాత టీవీ, కంప్యూటర్, టాబ్లెట్. ఏది వచ్చినా చదువు మారిపోయేది మాత్రం ఎప్పుడూ ఇంకో పదేళ్లలోనే. 2005లో పిల్లలకి తలా ఒక లాప్‌టాప్ చొప్పున పంచే ప్రాజెక్టును ప్రకటించారు. పెరూ దేశం ఎనిమిది లక్షలకు పైగా కొనుక్కుంది. 2012లో లెక్క చూస్తే లెక్కల్లోనూ భాషలోనూ మార్కులు పెరిగిన దాఖలా లేదు. 2015లో ఓఈసీడీ అనే దేశాల కూటమి వాళ్లు కూడా ఇలాంటి మాటే అన్నారు: బడుల్లో కంప్యూటర్ల మీద బాగా ఖర్చుపెట్టిన దేశాల్లో చదవడంలో గానీ, లెక్కల్లో గానీ, సైన్సులో గానీ చెప్పుకోదగ్గ మెరుగుదల కనపడలేదట. ఇలాంటి నివేదికలు స్టాఫ్ రూములో పెడితే ఉత్సాహం దెబ్బతింటుంది. మా దగ్గర పెట్టలేదు.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. చదువు కోసం అమ్మే ఈ టెక్నాలజీ సరుకులు సగటున 36 నెలలకోసారి మారిపోతున్నాయని యునెస్కో 2023 నివేదిక చెప్పింది. మాకు ట్రైనింగ్ ఎప్పుడూ పోయినసారి వెర్షన్ మీదే ఇస్తారు కాబట్టి ఆ వేగం మమ్మల్ని పెద్దగా బాధపెట్టలేదు.

స్కిన్నర్ గురించి మాత్రం రెండు మాటలు చెప్పాలి. ఈ మనస్తత్వ శాస్త్రవేత్త 1953లో తన కూతురు చదివే లెక్కల క్లాసుకి వెళ్లి, అక్కడ జరిగేది చూసి ఉండబట్టలేక, పాఠం చెప్పే యంత్రమొకటి తయారుచేశాడు. ఆ యంత్రంలో రెండు లోపాలున్నాయి. ఒకటి, పిల్లాడు జవాబు ఇవ్వకుండా తర్వాతి ప్రశ్నకి వెళ్లడానికి లేదు. రెండు, జవాబు తప్పో ఒప్పో వెంటనే తెలిసిపోతుంది. మా బోర్డులో ఈ రెండు లోపాలూ లేవు. పిల్లలు ఏం చేసినా, ఏమీ చేయకపోయినా పాఠం దాని దారిన అది సాగిపోతుంది.

ఇక మా తరగతి సంగతి. పీరియడ్ నలభై ఐదు నిమిషాలు. గంట కొట్టగానే బోర్డు ఆన్ చేస్తాను. 'నో సిగ్నల్' అని వస్తుంది. అప్పుడు నేను ఎవరినీ ప్రత్యేకంగా చూడకుండా "ఒరేయ్..." అంటాను. వెనక బెంచీలోంచి ఒక కుర్రాడు లేచి వస్తాడు. పేరెందుకు గానీ, పోయిన పరీక్షలో సైన్సు పేపర్లో వాడు సొంతంగా రాసింది వాడి పేరొక్కటే.

వాడి పని చూసి తీరాలి. మొదటి రోజు వాడికీ ఏమీ తెలియదు. కేబుల్ పీకి మళ్లీ పెట్టాడు, రాలేదు. ఇన్‌పుట్ మార్చాడు, రాలేదు. రెండో పోర్టులో పెట్టాడు, బొమ్మ వచ్చి పోయింది. వచ్చి ఎందుకు పోయిందా అని కాసేపు దాన్నే చూస్తూ నిలబడ్డాడు. పిన్ను కొంచెం పైకి ఎత్తి పట్టుకుంటే బొమ్మ నిలుస్తోందని కనిపెట్టాడు. ఎవరి జడదో రబ్బర్ బ్యాండ్ అడిగి తీసుకుని, కేబుల్‌ని ఆ వాలులోనే స్టాండుకి కట్టేశాడు. తర్వాతి వారం సౌండ్ ఎటు పోతోందో పట్టుకున్నాడు. ఇప్పుడు వాడు ఇంకో ఇద్దరికి నేర్పుతున్నాడు కూడా. ఊహించడం, చేసి చూడటం, తప్పని వెంటనే తెలియడం, మార్చుకుని మళ్లీ చేయడం... ట్రైనింగుల్లో మాకు స్లైడ్ల మీద చూపించేవన్నీ వాడు బోర్డు వెనకాల నిలబడి చేసేస్తుంటాడు. మిగతా 39 మందీ వాడి వీపు చూస్తుంటారు.

తర్వాత యానిమేషన్ మొదలవుతుంది. రుతువులు ఎలా వస్తాయన్న పాఠం. బ్రహ్మాండంగా ఉంటుంది. నీలం భూమి, మండే సూర్యుడు, వెనక గంభీరమైన మ్యూజిక్. భూమి తిరిగే దారిని అందులో కోడిగుడ్డులా సాగదీసి చూపిస్తారు. నిజానికి ఆ దారి దాదాపు గుండ్రమే. కాగితం మీద సరైన కొలతలతో గీస్తే వృత్తానికీ దానికీ తేడా కంటికి ఆనదు. కానీ గుండ్రంగా చూపిస్తే థ్రిల్ ఏముంటుంది? క్లాసంతా నోరు తెరుచుకుని చూస్తుంది. చివర్లో "అర్థమైందా?" అంటాను. "అర్థమైంది సార్" అని నలభై గొంతులు ఒక్కసారిగా పలుకుతాయి. ఆఫ్ చేసిన టైము రాసి సంతకం పెడతాను.

బోర్డుని పిల్లల చేతికే ఇవ్వమనే వాళ్లున్నారు. భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్న కార్ల్ వీమన్ 2002లో ఫెట్ అనే సిమ్యులేషన్లు, అంటే తెరమీదే ప్రయోగం చేసి చూసుకునే బొమ్మలు, మొదలుపెట్టాడు. వాటిలో ఒకదాంట్లో తీగలు పిల్లలే కలుపుకోవాలి. తప్పుగా కలిపితే బల్బు వెలగదు. ఒకసారి పొరపాటున అది తెరిచాను. నిమిషంలో బోర్డు ముందు క్యూ కట్టారు. "అటు కాదురా, ఇటు కలుపు" అని అరుపులు. అద్దమంతా వేలిముద్రలే. తుడవలేక చచ్చాను. మర్నాటి నుంచి బోర్డుకి కవరు తొడిగాం. పాఠం నడిచేటప్పుడు తీస్తాం లెండి.

హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ అనే ఫిజిక్సు ప్రొఫెసర్‌ది ఇంకో రకం పేచీ. 1991 నుంచీ ఆయన క్లాసులో ఒక ప్రశ్న వేసి, అందరిచేతా జవాబు ఎంచుకోమని, పక్కవాడితో వాదించుకోమని, మళ్లీ ఎంచుకోమని అడుగుతూ వచ్చాడు. ఓట్లు నొక్కడానికి క్లిక్కర్లని చిన్న పరికరాలు వచ్చాయి. ఇదేదో కొనడానికి వీలుగా ఉందే అని సంతోషించేలోపు 2008లో ఒక అధ్యయనం వచ్చింది: క్లిక్కర్ నొక్కినా అట్టముక్క ఎత్తి చూపినా పిల్లలు నేర్చుకోవడంలో తేడా ఏమీ లేదని. అంటే పనిచేసింది ప్రశ్నే అన్నమాట. ప్రశ్నకి టెండరు ఎలా పిలుస్తాం?

ఇంతకీ ఈ మనవి రాయడానికి కారణమైన దుర్ఘటన చెప్పాలి. ఒకరోజు ఆ వెనక బెంచీ కుర్రాడు బడికి రాలేదు. రబ్బర్ బ్యాండ్ తెగిపోయి ఉంది. వాడి శిష్యులిద్దరూ చేతులెత్తేశారు. పదిహేను నిమిషాలు నో సిగ్నల్ చూశాక, గత్యంతరం లేక ఒక ప్రశ్న అడిగాను. "ఎండాకాలం ఎందుకొస్తుంది? భూమి సూర్యుడికి దగ్గరవుతుంది కాబట్టి అనేవాళ్లు చెయ్యెత్తండి." దాదాపు అన్ని చేతులూ లేచాయి. యానిమేషన్ మూడుసార్లు చూసిన చేతులే అవి.

భూమి సూర్యుడికి బాగా దగ్గరగా ఉండేది జనవరి మొదట్లోనని చెప్పాను. అప్పుడు దూరం సుమారు 14.7 కోట్ల కిలోమీటర్లు, జులై మొదట్లో 15.2 కోట్లు. క్లాసు గొల్లుమంది. నన్నే అనుమానంగా చూశారు. మూడో బెంచీ అమ్మాయి లేచి, "దగ్గరవడం వల్లే అయితే భూమి అంతటా ఒకేసారి ఎండాకాలం రావాలి కదా సార్? పై సగంలో ఎండాకాలమప్పుడు కింది సగంలో చలికాలం ఎందుకు?" అంది. ఇలాంటి ప్రశ్న యానిమేషన్ నడిచేటప్పుడు ఎవరూ అడిగిన పాపాన పోలేదు. మ్యూజిక్ వస్తుంటుంది కదా.

ఫోన్‌లో టార్చి వెలిగించి పాత నల్లబోర్డు మీద నిటారుగా వేశాను. అరచేతంత వెలుగు పడింది. ఒకడు వచ్చి దాని చుట్టూ సుద్దతో గీశాడు. అంతే దూరం నుంచి టార్చిని వాల్చాను. వెలుగు సాగి, పలచబడింది. మళ్లీ గీశాడు. ఈసారి గీతలో రెండు అరచేతులు పట్టాయి. "వెలుగు అదే, చోటు ఎక్కువైంది" అన్నారెవరో. "అయితే వాలు వల్లా?" అని ఇంకొకరు. "భూమి 23.5 డిగ్రీలు వాలి ఉంటుందని పుస్తకంలో ఉంది సార్!" అని మరొకరు, ఆ పుస్తకం ఆ రోజే చేతికొచ్చినట్టు. పక్క క్లాసు టీచర్ గొడవేమిటోనని తొంగిచూసి వెళ్లారు. గంట కొట్టినా ఎవరూ కదల్లేదు.

రిజిస్టర్‌లో ఉన్నదున్నట్టు రాశాను: వాడకం 0 నిమిషాలు. రిమార్కులు: టెక్నీషియన్ సెలవు. ఫోన్ టార్చికి కాలమ్ లేదు.

మర్నాడు కుర్రాడు వచ్చాడు. పిలవకుండానే కేబుల్ దగ్గరికి వెళ్లబోతుంటే పక్కవాడు చొక్కా పట్టుకుని లాగాడు. "ముందు ఇది చూడరా" అని నల్లబోర్డు మీద చెరపని సుద్దగీతలు చూపించాడు. వాడు కాసేపు వాటి వంక చూశాడు. అరచెయ్యి ఒకసారి ఈ గీతలో, ఇంకోసారి ఆ గీతలో పెట్టి చూసుకున్నాడు. నా వైపు తిరిగి, "ఒకసారి మీ ఫోనిస్తారా సార్?" అన్నాడు.

ఇచ్చాను. కేబుల్ అలాగే వేలాడుతూ ఉండిపోయింది. స్మార్ట్ బోర్డు మీద మాత్రం పీరియడ్ అయ్యేదాకా నో సిగ్నల్ అన్న అక్షరాలు వెలుగుతూనే ఉన్నాయి. వెలిగితే వెలిగినట్టే కదా. నలభై ఐదు నిమిషాలు రాసి సంతకం పెట్టాను.