పరుగు పిల్లల చేతికి ప్రోటీన్ డబ్బా ఇచ్చే ముందు

1500 మీటర్లను అయిదు నిమిషాల పది సెకన్లలో పూర్తి చేసే పదహారేళ్ల అమ్మాయి రెండు నెలల్లో అయిదున్నర నిమిషాలకు వచ్చేసింది. మూడో ల్యాప్‌కే కాళ్లు బరువెక్కుతున్నాయంటుంది. హాస్టల్ మెట్లెక్కినా ఆయాసమే. విజయవాడ ఇందిరాగాంధీ మున్సిపల్ స్టేడియంలో చూసినా, గుంటూరు బ్రహ్మానందరెడ్డి స్టేడియంలో చూసినా ఇలాంటి పిల్లలు ఉంటారు. వాళ్లకు ముందుగా అందే సలహా కూడా ఒకటే: ‘బలం చాలడం లేదు, ప్రోటీన్ పౌడర్ పట్టించండి’. నాన్న అప్పో సప్పో చేసి మూడు వేలు పెట్టి డబ్బా తెస్తాడు. బడిలో వారానికోసారి ఉచితంగా ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్రను మాత్రం, వికారంగా ఉంటుందని ఆ అమ్మాయి మింగదు. ఎందుకు మింగలేదని అడిగేవాళ్లూ ఉండరు.

టీనేజీ రన్నర్ల విషయంలో మనం చేస్తున్న అసలు పొరపాటు ఇదే. పరుగును నిజంగా వెనక్కి లాగేది ఇనుము లోపం, మనం డబ్బు పోసేది ప్రోటీన్ మీద. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-19 ఏళ్ల అమ్మాయిల్లో 59.1 శాతం మందికి, అబ్బాయిల్లో 31.1 శాతం మందికి రక్తహీనత ఉంది. ట్రాక్ మీదికి వచ్చే పిల్లలు ఈ జనంలోంచి వచ్చినవాళ్లే. పైగా పరుగు వల్ల ఇనుము ఇంకాస్త పోతుంది. పాదం నేలను బలంగా తాకిన ప్రతిసారీ కొన్ని ఎర్ర రక్తకణాలు పగులుతాయి, చెమటలో కొంత పోతుంది, అమ్మాయిలకు నెలసరిలో మరికొంత పోతుంది. గట్టిగా పరుగెత్తిన తర్వాత మూడు నుంచి ఆరు గంటల మధ్య ఒంట్లో హెప్సిడిన్ అనే హార్మోన్ పెరిగి, తిన్న ఇనుమును పేగులు పీల్చుకోకుండా అడ్డుపడుతుంది.

హిమోగ్లోబిన్ ఒక్కటే చూసి ‘పన్నెండు ఉంది, బాగానే ఉంది’ అనుకోవడం దగ్గరే చాలామంది ఆగిపోతారు. హిమోగ్లోబిన్ పడిపోవడం చివరి దశ. అంతకు ముందే ఒంట్లోని ఇనుము నిల్వలు ఖాళీ అవుతాయి, పరుగు అప్పటినుంచే మందగిస్తుంది. ఆ నిల్వలను చూపేది ఫెరిటిన్ పరీక్ష. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫెరిటిన్ లీటరుకు 15 మైక్రోగ్రాముల కంటే తక్కువగా ఉంటే లోపం అంటుంది. క్రీడా వైద్యులు 30-35 దగ్గరే జాగ్రత్త పడతారు. విజయవాడలో సూర్యారావుపేట ల్యాబ్‌లలోనైనా, గుంటూరు కొత్తపేటలోనైనా రక్తకణాల లెక్క చూపే సీబీపీతో కలిపి ఈ పరీక్షకు అయ్యేది డబ్బా ధరలో కొంత భాగమే.

పరీక్ష చేయించే రోజు విషయంలోనూ జాగ్రత్త కావాలి. జ్వరం తగ్గిన వారంలోనో, ముందురోజు పోటీలో పరుగెత్తి వచ్చాకో రక్తం ఇస్తే ఫెరిటిన్ ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది, లోపం దాక్కుంటుంది. ఒకరోజు విశ్రాంతి తర్వాత ఉదయం ఇవ్వడం మేలు. హిమోగ్లోబిన్ తక్కువై ఫెరిటిన్ మామూలుగా ఉంటే తల్లిదండ్రుల నుంచి వచ్చే థలసీమియా అనే రక్తలోపం లాంటివి ఉన్నాయేమో డాక్టర్ చూడాలి. అలాంటి పిల్లలకు ఐరన్ పోసినా టైమింగ్ మారదు. అదనపు ఇనుమును బయటికి పంపే మార్గం శరీరానికి లేదు కాబట్టి అది కాలేయంలో పేరుకుంటుంది. అందుకే మెడికల్ షాపులో అడిగి ఐరన్ మాత్రలు కొనుక్కోవడం కూడా తప్పే.

బడిలో ఇచ్చే నీలం మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. అది నివారణ కోసం, వారానికి ఒకటి. లోపం ఇప్పటికే ఉంటే మోతాదు వేరు, అది డాక్టర్ రాయాలి. మింగే పద్ధతి మీద మాత్రం సగం ఫలితం ఆధారపడి ఉంటుంది. మాత్ర వేసుకున్నాక ఓ గంట, గంటన్నర వరకు టీ, కాఫీ, పాలు ముట్టకూడదు. నిమ్మరసంతోనో, జామకాయ ముక్కతోనో వేసుకుంటే ఒంటికి బాగా పడుతుంది. ఉదయం పరుగు ముగిసిన అరగంటలోపు, హెప్సిడిన్ ఇంకా పెరగకముందే వేసుకోవడం మంచిది. వికారం, మలబద్ధకం ఉంటే రోజు విడిచి రోజు వేసుకోవచ్చా అని డాక్టర్‌ను అడగాలి. రోజు విడిచి రోజు వేసుకుంటే ఒక్కో మాత్రలోంచి ఒంటికి పట్టే శాతం పెరుగుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. మలం నల్లగా వస్తే భయపడనక్కర్లేదు. ఎనిమిది నుంచి పన్నెండు వారాల తర్వాత మళ్లీ పరీక్ష చేస్తేగానీ ఫలితం తెలియదు. వారంలోనే తేడా కావాలనుకునే కోచ్‌లు, తల్లిదండ్రులు ఇక్కడే ఓపిక కోల్పోతారు.

ఇక ప్రోటీన్. కష్టపడి పరుగెత్తే టీనేజీ పిల్లలకు కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.8 గ్రాములు సరిపోతుంది. 48 కిలోల అమ్మాయికి 1.5 చొప్పున వేసుకుంటే 72 గ్రాములు. మన తిండిలో అది ఎక్కడుందో చూద్దాం. పరుగు తర్వాత నాలుగు ఇడ్లీలు, రెండు ఉడికించిన గుడ్లలో 20 గ్రాములు. మధ్యాహ్నం 150 గ్రాముల బియ్యంతో వండిన అన్నం, 40 గ్రాముల కందిపప్పు, గిన్నెడు పెరుగులో 25. సాయంత్రం గుప్పెడు వేరుశెనగలు, గ్లాసు పాలలో 13. రాత్రి అన్నం, పప్పు, పెరుగులో 17. మొత్తం 75. మాంసం ముట్టకుండానే లెక్క సరిపోయింది. గుడ్డు తినని ఇళ్లలో దాని బదులు ఓ పెద్ద పెసరట్టు, ఇంకో గ్లాసు పాలు చేర్చాలి.

లెక్క తప్పేది హాస్టల్లో. అక్కడ గరిటెడు పప్పుచారులో కందిపప్పు 10-15 గ్రాములు ఉంటే గొప్ప. పెరుగు స్థానంలో మజ్జిగ వస్తుంది. స్టడీ అవర్‌కు ఆలస్యమవుతుందని గ్రౌండ్ నుంచి వచ్చిన పిల్లలు టీ తాగి క్లాసుకు పరుగెడతారు. ప్రోటీన్ కంటే ముందు వాళ్లకు చాలనిది అసలు తిండే. రెండు గుడ్లు, 200 మిల్లీలీటర్ల పాలు, 30 గ్రాముల పల్లీలు కలిపితే పాతిక గ్రాముల ప్రోటీన్ వస్తుంది. ఖర్చు ముప్పై రూపాయలకు అటూ ఇటూ. కిలో మూడు వేలున్న డబ్బాలోంచి 33 గ్రాముల స్కూప్ తీస్తే దాదాపు అంతే ప్రోటీన్, ధర వంద రూపాయలు. పౌడర్‌తో పరుగు పెరగదు. చాలినంత తింటున్న పిల్లల్లో అదనపు ప్రోటీన్ శక్తిగా ఖర్చవుతుంది, లేదంటే కొవ్వుగా మారుతుంది.

తిండి తగ్గి పరుగు పెరిగినప్పుడు అమ్మాయిల ఒళ్లు ముందుగా నెలసరిని ఆపేస్తుంది. వరుసగా మూడు నెలలు రాకపోయినా, పదిహేనేళ్లు నిండినా మొదలు కాకపోయినా ‘పరుగెత్తే పిల్లలకు మామూలే’ అని వదిలేయకూడదు. ఎముకలు పలచబడుతున్నాయని అది హెచ్చరిక. మోకాలి కింద ఎముకపై ఒకేచోట వేలితో నొక్కితే నొప్పి ఉంటే పగులు వచ్చి ఉండొచ్చు. ‘బరువు తగ్గితే టైమింగ్ వస్తుంది’ అని పెరిగే పిల్లకు చెప్పే కోచ్ ఎంత అనుభవం ఉన్నవాడైనా ఆ మాట వినొద్దు.

కండబలానికని అమ్మే క్రియేటిన్ పౌడర్ గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. కండరాల్లో నీరు చేరి కిలో, రెండు కిలోల బరువు పెరుగుతుంది. మధ్య, దూరపు పరుగులకు ఆ బరువు మోతే. కెఫీన్ సంగతి వేరు. పెద్దల్లో అది పనిచేస్తుందన్నది నిజం, కిలోకు 3-6 మిల్లీగ్రాముల దగ్గర. కానీ ప్రీ-వర్కౌట్ పౌడర్లలో ఒక్కో స్కూప్‌కు 300 మిల్లీగ్రాములు ఉండే రకాలున్నాయి. 48 కిలోల ఒంట్లో అది ఒక్కసారిగా కిలోకు 6 దాటిపోతుంది. గుండె దడ, చేతుల వణుకు, ఆ రాత్రి నిద్ర పట్టకపోవడం. ఎనర్జీ డ్రింక్ డబ్బా మీద పిల్లలకు తగదని ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన ప్రకారం రాసే ఉంటుంది, చిన్న అక్షరాల్లో.

మే నెల విజయవాడ ఎండలో నీళ్ల లెక్క సప్లిమెంట్ల కన్నా ముఖ్యం. పరుగుకు ముందు, తర్వాత తూకం వేస్తే తగ్గిన ప్రతి కిలోకూ లీటరుంబావు నుంచి లీటరున్నర వరకు కొంచెం కొంచెంగా తాగాలి. ఉప్పు లేకుండా ఉత్త నీళ్లే లీటర్ల కొద్దీ పోస్తే రక్తంలో సోడియం పడిపోతుంది. ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ చాలా రోజులకు సరిపోతుంది. గంట దాటిన పరుగులకు అసలైన ఓఆర్‌ఎస్ తీసుకోవచ్చు. లీటరు నీళ్లకు 20.5 గ్రాముల పొడి, అందులో గ్లూకోజ్ 13.5 గ్రాములు. ఓఆర్‌ఎస్ పేరుతో అమ్మిన తియ్యటి డ్రింకులపై హైదరాబాద్ పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు వాడకాన్ని నిషేధించింది. ప్యాకెట్ మీద సూత్రం చదివి కొనడం ఇప్పటికీ మన పనే.

అన్నిటికన్నా ప్రమాదం డోపింగ్. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ వాడా లెక్కల్లో 2023లో భారత్ నుంచి 5,606 నమూనాలు పరీక్షిస్తే 213 పాజిటివ్‌గా తేలాయి, 3.8 శాతం. ఒంట్లో నిషేధిత పదార్థం దొరికితే బాధ్యత క్రీడాకారుడిదే. డబ్బా ఎవరిచ్చారు, తెలిసి తాగాడా అన్నవి శిక్ష తగ్గింపుకే పనికొస్తాయి. డబ్బా మీదున్న పద్నాలుగు అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు తయారీదారుడు నమోదైనవాడని చెబుతుంది, లోపల స్టెరాయిడ్ లేదని కాదు. ‘ప్రొప్రైటరీ బ్లెండ్’ అని రాసి ఒక్కో పదార్థం మోతాదు చెప్పని డబ్బాను అక్కడే పెట్టేయాలి. కొవ్వు కరిగించే పౌడర్లు, లేబుల్ లేని బలవర్ధక చూర్ణాలు కూడా అంతే. డాక్టర్ సలహాతో తప్పక కొనాల్సి వస్తే నిషేధిత పదార్థాల కోసం బ్యాచ్‌లను పరీక్షించే ఇన్‌ఫార్మ్‌డ్ స్పోర్ట్ సంస్థ గుర్తు ఉన్నదే తీసుకుని, బ్యాచ్ నంబర్‌ను వాళ్ల వెబ్‌సైట్‌లో సరిచూడాలి. బిల్లు, ఖాళీ డబ్బా ఆ సీజన్ అయ్యేదాకా దాచాలి.

మన ఊళ్లలో డబ్బా దాకా పోకుండానే దొరికిపోయే దారులున్నాయి. నీరసంగా ఉందని పోటీ ముందురోజు ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్ ఎక్కించుకోవడం వాటిలో ఒకటి. ఆస్పత్రిలో చేరి చేయించుకునే చికిత్స లాంటివి తప్ప, పన్నెండు గంటల్లో 100 మిల్లీలీటర్లు దాటి నరంలోకి ఏది ఎక్కించినా నిబంధనల ఉల్లంఘనే, సీసాలో ఉన్నది ఉత్త ఉప్పునీరైనా సరే. ‘బలానికి’ అని వేసే ఇంజక్షన్లలో డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ ఉంటే పోటీ నాటి పరీక్షలో దొరుకుతుంది. దగ్గు సిరప్‌లలో మామూలుగా ఉండే టెర్బుటలిన్ అనే మందు పోటీ ఉన్నా లేకున్నా ఏ రోజైనా నిషేధమే. మందు కొనేముందు జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ నాడా వారి ‘నో యువర్ మెడిసిన్’ యాప్‌లో పేరు కొట్టి చూడటానికి నిమిషం పడుతుంది. నమూనా తీసుకునేటప్పుడు ఇచ్చే ఫారంలో గత ఏడు రోజుల్లో వాడిన ప్రతి మాత్రా, పౌడరూ, సిరప్ రాయాలి. భయపడి దాచిన పేరే తర్వాత విచారణలో ఎదురు తిరుగుతుంది.

పోలీసు, అగ్నివీర్ ఎంపికల కోసం తెల్లవారుజామున 1600 మీటర్లు సాధన చేసే పద్దెనిమిదేళ్ల కుర్రాళ్లకు ఈ మాటలు చెప్పే కోచ్ కూడా ఉండడు. వాళ్లకు సలహా ఇచ్చేది జిమ్ స్నేహితుడు, షాపు కౌంటర్. రాష్ట్ర క్రీడా సంస్థ శాప్, విద్యాశాఖ కలిసి జూన్‌లో ఒకసారి, డిసెంబరులో ఒకసారి విజయవాడ, గుంటూరు స్టేడియాలు రెండింటిలోనూ పరుగు పిల్లలందరికీ హిమోగ్లోబిన్, ఫెరిటిన్ పరీక్షలు చేయించాలి. పీఈటీ మాస్టారి దగ్గర నీలం మాత్రల రిజిస్టర్‌లో ‘ఇచ్చాం’ అన్న గడి పక్కన ‘ఎదురుగా మింగారు’ అనే గడి ఉండాలి. రెసిడెన్షియల్ కాలేజీల్లో క్రీడల కోటా పిల్లలకు ఉదయం టిఫిన్‌తో రెండు గుడ్లు, తినడానికి ఇరవై నిమిషాలు రాతపూర్వకంగా కేటాయించాలి.