పెట్టెలు ఆరు, మాట ఒక్కటీ వినపడదు

మొన్న రాత్రి పదింటికి మా బావ ఒక ఫోటో పంపాడు. హోమ్ థియేటర్ డబ్బా. చుట్టూ మంటల బొమ్మలు, మధ్యలో "10,000 వాట్స్ పీఎంపీఓ" అని అరచేతంత అక్షరాలు. ధర ఏడు వేలు. ఫోటో కింద ఒక్కటే మాట: "తీసేసుకోనా బామ్మర్దీ?"

వద్దు బావా అని కొట్టి పడుకున్నాను. పొద్దున లేచేసరికి ఎందుకు, ఎందుకు అని ఆరు మెసేజీలు. ప్రతి దసరా, దీపావళి ఆఫర్లప్పుడు ఎవరో ఒకరు నన్ను ఇదే అడుగుతున్నారు కాబట్టి ఈసారి ఇక్కడే రాసి పడేస్తున్నా. నేనేమీ సౌండ్ ఇంజనీర్ని కాదు. రెండుసార్లు డబ్బులు తగలేసి, మూడోసారికి బుద్ధి తెచ్చుకున్నవాణ్ణి, అంతే.

ముందు ఆ పదివేల వాట్ల సంగతి. మన ఇంటి గోడకి ఉండే చిన్న సాకెట్ 6 ఆంపియర్లది. కరెంటు 230 వోల్టులు. రెండూ గుణిస్తే 1,380 వాట్లు. రెండు వేల వాట్ల గీజర్‌కే విడిగా పెద్ద సాకెట్ పెట్టించుకుంటాం కదా, మరి సన్న పిన్నుతో వచ్చే ఈ డబ్బాకి పదివేల వాట్లు ఎక్కడినుంచి వస్తాయి? పీఎంపీఓ అంటే ఒక్క క్షణం ఎగిరే పవర్ అని కంపెనీ చెప్పుకునే అంకె. దాన్ని ఇలాగే కొలవాలన్న రూలేమీ లేదు, ఎవరికి తోచింది వాళ్ళు అచ్చు వేసుకోవచ్చు. చూడాల్సింది ఆర్‌ఎంఎస్, అంటే ఆగకుండా ఇవ్వగలిగే పవర్. అది కూడా నమ్మబుద్ధి కాకపోతే డబ్బాని వెనక్కి తిప్పి, ఎంత కరెంటు తాగుతుందో ఆ చిన్న స్టిక్కర్ మీద చదవండి. 60 వాట్లు తాగేది 60 కంటే ఎక్కువ ఆగకుండా ఇవ్వలేదు. ఇంకో సంగతి, వాట్లు రెట్టింపయితే శబ్దం రెట్టింపు కాదు. పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి రెట్టింపుగా అనిపించాలంటే దాదాపు పది రెట్ల వాట్లు కావాలి. కాబట్టి 80 వాట్లా 100 వాట్లా అని బుర్ర బద్దలు కొట్టుకోవడం దండగ.

నాకు అసలు ఒళ్ళు మండేది వేరే చోట. ఆ డబ్బా మీద 5.1 అని ఉంటుంది, అంటే ఐదు స్పీకర్లు, బేస్ కోసం ఒక సబ్ ఊఫర్, ఒక్కోదానికీ వేరే సౌండ్. లోపల ఆరు పెట్టెలు నిజంగానే ఉంటాయి. వెనక చూస్తే బ్లూటూత్, యూఎస్‌బీ, ఒక ఆక్స్ పిన్ను. వీటిలో బ్లూటూత్, ఆక్స్ తెచ్చేది ఎడమ, కుడి రెండే. ఆ రెండింటినే ఆరు పెట్టెలకీ పంచిపెడతాడు. అంటే సినిమాలో వెనకనుంచి రావాల్సిన వాన చప్పుడు, ముందునుంచి రావాల్సిన మాట అన్నీ అన్ని వైపులనుంచీ వచ్చి మీద పడతాయి. ఇంట్లో ఐదు మూలలా ఒకే రేడియో పెట్టుకున్నట్టు. టీవీ నుంచి అసలైన 5.1 రావాలంటే కనీసం హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ (టీవీ సౌండ్‌ని బయటికి పంపే హెచ్‌డీఎంఐ పోర్టు) గానీ ఆప్టికల్ (కాంతితో సౌండ్ పంపే వైరు) గానీ ఉండాలి, లోపల ఆ సౌండ్‌ని ఆరుగా విడదీసే డాల్బీ డీకోడర్ ఉండాలి. లేకపోతే ఆ ఆరు పెట్టెలు ఆరు పూలకుండీలతో సమానం.

నా మొదటి కొనుగోలు సరిగ్గా అదే. ఎగురుకుంటూ తెచ్చి హాల్లో బిగించాను. వారం తిరిగేసరికి మా నాన్న రిమోట్ చేతిలోంచి దించడం మానేశారు. మాటలొస్తే పెంచడం, ఫైట్ వస్తే తగ్గించడం. చివరికి తెలుగు సినిమాకి ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూశాం. ఇంతకంటే అవమానం ఉంటుందా? కొన్నదే మాట వినపడటానికి. ఇప్పటి టీవీలు అప్పడాల్లా పల్చబడ్డాయి, స్పీకర్లు కిందికో వెనక్కో తిరిగి గోడతో మాట్లాడుతున్నాయి. పాత డబ్బా టీవీలో ముందుకే ఉండేది స్పీకర్, వార్తలు వంటింట్లోకి వినపడేవి.

అందుకే బావా, నా లెక్క ఇది. సినిమా 5.1లో మాటలన్నీ దాదాపుగా వచ్చేది మధ్య స్పీకర్ నుంచే. చవక సెట్లలో ఆ మధ్యదీ వెనక వాటిలాగే పిడికెడంత ఉంటుంది. పది పన్నెండు వేలలో ఆరు పెట్టెలు అడగకు. ఏఆర్‌సీ ఉన్న మంచి 2.1 సౌండ్‌బార్ తీసుకో, మధ్య స్పీకర్ విడిగా ఉన్న 3.1 ఆఫర్లో దొరికితే ఇంకా నయం. ఈ ధరలో అట్మాస్ (పైనుంచి కూడా సౌండ్ వినిపించే డాల్బీ రకం) అని రాసుంటే దానికోసం రూపాయి కూడా ఎక్కువ పెట్టకు.

ఇరవై వేలు పెట్టగలిగితే మాత్రం నేను సౌండ్‌బార్ జోలికే వెళ్ళను. సెకండ్ హ్యాండ్ ఏవీ రిసీవర్ (టీవీ సౌండ్ తీసుకుని స్పీకర్లని నడిపే ఆంప్లిఫయర్ డబ్బా), ఒక జత మంచి బుక్‌షెల్ఫ్ స్పీకర్లు. రెండే. సరిగ్గా మధ్యలో కూర్చుంటే మాట టీవీలోంచే వస్తున్నట్టుంటుంది. మధ్యది వచ్చే ఏడాది, వెనకవి ఆ పై ఏడాది. నా రిసీవర్ తొమ్మిది వేలకి దొరికింది. 4కే రాదని అమ్మినాయన తెగ ఫీలయ్యాడు. నాకెందుకు 4కే? బొమ్మంతా టీవీకే వెళ్తుంది, ఏఆర్‌సీ నుంచి సౌండ్ మాత్రం దీనికి వస్తుంది. డబ్బులిచ్చే ముందు ప్రతి చానల్‌కీ స్పీకర్ తగిలించి విను, హెచ్‌డీఎంఐ పనిచేస్తుందో లేదో అక్కడే చూసుకో. వైరు దగ్గర షాపువాడి మాట వినకు. ఇంటి వైరింగుకి వాడే 1.5 ఎస్‌క్యూఎంఎం రాగి వైరు హాలంత దూరానికి చాలు. రాగి పూత పూసిన అల్యూమినియం వైరుని రాగి అని అంటగడతారు, చివర గీకి చూడు.

ఇంత చేసినా ఒక్క సెట్టింగు అన్నీ చెడగొడుతుంది. టీవీ సౌండ్ మెనూలో డిజిటల్ అవుట్ పీసీఎం అని ఉంటే ఏఆర్‌సీలో వెళ్ళేది రెండు చానళ్ళే. దాన్ని ఆటోకో పాస్‌త్రూకో మార్చాలి. మా ఆఫీసులో ఒకాయన ముప్పై వేలు పోసి కొన్న 5.1ని ఎనిమిది నెలలు స్టీరియోలోనే విన్నాడు. "వెనక స్పీకర్లు కొంచెం మెత్తగా ఉంటాయి" అనేవాడు పాపం.

ఇక గది. టైల్స్ నేల, ఖాళీ గోడలు, డైనింగుతో కలిసిపోయిన హాలు. చప్పట్లు కొడితే గణగణమంటుంది. అందులో లక్ష రూపాయల స్పీకర్ పెట్టినా మాట ముద్దయిపోతుంది. సోఫా ముందు మందపాటి తివాచీ, కిటికీకి బరువైన కర్టెన్లు. రెండు వేలు ఇక్కడ పెడితే తేడా నీకే తెలుస్తుంది. అక్క ఎలాగూ కర్టెన్లు మార్చమంటోంది కదా. సబ్ ఊఫర్‌ని మూలకి తోస్తే బేస్ పెరుగుతుంది, దాంతోపాటు కింది ఫ్లాటువాళ్ళ బీపీ కూడా. సబ్‌ని సోఫా మీద పెట్టి, బేస్ పాట వేసి, గోడల పక్కన మోకాళ్ళ మీద పాకు. ఎక్కడ బేస్ శుభ్రంగా వినిపిస్తే సబ్ అక్కడ పెట్టు. ఇంట్లో నవ్వుతారు, నవ్వనీ.

చవక అంటే నాకు చిన్నచూపు లేదు. ఇంటర్‌లో 4440 ఐసీ (చవక ఆంప్లిఫయర్ చిప్) బోర్డుకి బ్యాటరీ తగిలించి, మట్టికుండ మూతికి స్పీకర్ బోర్లించి విన్న బేస్ ఇప్పటికీ మర్చిపోలేదు. ఆ కుండ మాత్రం 5.1నని ఎప్పుడూ చెప్పుకోలేదు.

శనివారం బావతో హైదరాబాద్ కోఠి వెళ్తున్నా, ఎలక్ట్రానిక్స్ షాపులుండే గుజరాతీ గల్లీకి. షాపువాడు ఎలాగూ దడదడలాడే పాటే పెడతాడు. నేను పెన్‌డ్రైవ్‌లో ఒక సీను వేసుకున్నాను, ఇద్దరు వానలో నిలబడి గొంతు తగ్గించి మాట్లాడుకునేది. నాన్నని కూడా రమ్మన్నాను. రిమోట్ ముట్టుకోకుండా ఆ సీను ఆయనకి అర్థమైతే బిల్లు వేయించేస్తాం.