లినక్స్ వేస్తే వైఫై పోతుందా?

నెల్లూరు, ఒంగోలు ఇంజనీరింగ్ పిల్లల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది: "లినక్స్ వేస్తే ల్యాప్‌టాప్‌లో వైఫై పోతుంది. లినక్స్‌లో ఆ డ్రైవర్లే ఉండవు. కార్డు మార్చాలి, లేదా మళ్ళీ విండోసే గతి." ఇది నమ్మి బాగున్న కార్డు తీసేసి కొత్తది కొన్నవాళ్ళున్నారు. చదువుకునే పిల్లల డబ్బులు ఇలా పోతుంటే చూస్తూ ఊరుకోలేక రాస్తున్నాను.

డ్రైవర్లు (కార్డును సిస్టంతో పనిచేయించే ప్రోగ్రాములు) లేవన్నది తప్పు. ఇంటెల్ వైఫై డ్రైవర్ 2008 నుంచే లినక్స్ కెర్నల్‌లో, అంటే సిస్టంకు గుండెకాయ లాంటి భాగంలో, ఉంది. అథెరోస్ కార్డుల డ్రైవర్లూ ఆ ఏడాదే చేరాయి. చాలాసార్లు లేనిది ఫర్మ్‌వేర్. కార్డులో ఉండే చిన్న ప్రాసెసర్‌కు కావలసిన ప్రోగ్రామ్ అది. సిస్టం ఆన్ చేసినప్పుడల్లా డ్రైవరే దాన్ని కార్డులోకి ఎక్కించాలి. ఆ ఫైల్ డిస్క్‌లో లేకపోతే డ్రైవర్ ఉన్నా కార్డు పలకదు. లినక్స్‌లో ఒక రకమైన డెబియన్‌లో, 11వ వెర్షన్ దాకా మామూలు ఇన్‌స్టాలర్‌లో ఈ ఫైళ్ళు పెట్టేవారు కాదు. లినక్స్‌కు ఈ చెడ్డపేరు రావడానికి అదొక పెద్ద కారణమని నా అభిప్రాయం. 2022లో డెబియన్ వాళ్ళు ఓటింగ్ పెట్టుకుని ఆ పద్ధతి మార్చారు. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి ఇన్‌స్టాలర్‌లోనే ఇస్తున్నారు. పాతది వేసుకున్నవాళ్ళు టెర్మినల్‌లో (కమాండ్లు టైప్ చేసే విండో) డీమెసేజ్ (dmesg) కమాండ్ కొడితే, ఏ ఫర్మ్‌వేర్ ఫైల్ దొరకలేదో పేరుతో సహా కనిపిస్తుంది. ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే నెట్ వస్తుంది, ఆ ఫర్మ్‌వేర్ ప్యాకేజీ దించుకోవచ్చు.

ఇక కార్డు మార్చాలన్న మాట. కావలిలో ఒక డిగ్రీ అమ్మాయికి షాపులో ఇదే చెప్పి పంపారు. ఆ ల్యాప్‌టాప్‌లో 'ఆర్ఎఫ్‌కిల్ లిస్ట్' (rfkill list) కమాండ్ కొడితే, వైర్‌లెస్ కింద 'సాఫ్ట్ బ్లాక్డ్: యెస్' అని ఉంది, అంటే వైఫైని సాఫ్ట్‌వేర్‌లోనే ఆపేసి ఉంది. అన్‌బ్లాక్ చేయగానే చుట్టుపక్కల ఇళ్ళ వైఫై పేర్లన్నీ వరసగా వచ్చేశాయి. 'హార్డ్ బ్లాక్డ్' అని ఉంటే ల్యాప్‌టాప్ మీది వైర్‌లెస్ స్విచ్చో, బటనో చూడాలి. 'ఎల్ఎస్‌పీసీఐ' (lspci) కమాండ్ ఇచ్చే లిస్టులో కార్డు పేరు కనబడుతోందంటే దాన్ని సిస్టం గుర్తిస్తున్నట్టే. విండోస్ కూడా ఉంచుకున్నవాళ్ళు అందులో ఫాస్ట్ స్టార్టప్ (సిస్టంను పూర్తిగా ఆపకుండా, త్వరగా ఆన్ అయ్యేలా చేసే సెట్టింగ్) ఆపేయండి. అది కార్డును సగం నిద్రలో వదిలేసి, లినక్స్‌కు అందకుండా చేస్తుంటుంది.

కొన్ని బ్రాడ్‌కామ్ కార్డుల విషయంలో ఆ మెసేజ్‌లో కొంత నిజం ఉంది. వాటికి డ్రైవర్ విడిగా వేసుకోవాలి. సెక్యూర్ బూట్ (నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌నే నడవనిచ్చే రక్షణ) ఆన్‌లో ఉంటే, డిజిటల్ సంతకం లేని డ్రైవర్‌ను కెర్నల్ లోడ్ చేయదు. ఈ చిక్కు తెలియక డ్రైవర్‌ను మళ్ళీ మళ్ళీ వేస్తూ టెన్షన్ పడతారు. రియల్‌టెక్ యూఎస్‌బీ డాంగిల్స్ (పోర్టులో గుచ్చే చిన్న వైఫై పరికరాలు) కొన్నిటికి 2023 ఫిబ్రవరిలో వచ్చిన 6.2 కెర్నల్‌లోనే డ్రైవర్ చేరింది. అంతకంటే పాత కెర్నల్ ఉంటే అప్‌డేట్ చేసుకోవాలి.

విండోసే గతి అన్నదీ నిలవదు. కొన్న రోజున విండోస్‌లో వైఫై వచ్చిందంటే కంపెనీవాళ్ళు డ్రైవర్ ముందే వేసి ఇచ్చారు కాబట్టి. ఫార్మాట్ చేసి విండోస్ కొత్తగా వేసినప్పుడు, చాలా ల్యాప్‌టాప్‌లలో వైఫై డ్రైవర్‌ను పెన్‌డ్రైవ్‌లో తెచ్చి వేసుకోవాల్సి వస్తుంది.