ఈసీజీ కాగితంపై కరెంటు గీతలు

ఈసీజీ గీత సన్నగా, శుభ్రంగా రావాలి. కొన్ని ఆస్పత్రుల్లో అది రంపం పళ్లలా గరుగ్గా వస్తుంది. కాగితాన్ని కంటికి దగ్గరగా పెట్టుకుని చూస్తే ఒక్కో చిన్న మిల్లీమీటరు గడిలో రెండేసి అలలు కనిపిస్తాయి. అవి గుండెవి కావు, గోడలో పారే కరెంటువి. సెకనుకు 25 మిల్లీమీటర్లు జరిగే కాగితం మీద 50 హెర్ట్జ్ కరెంటు, అంటే సెకనుకు యాభై సార్లు ఊగే కరెంటు, సరిగ్గా అలాగే గీస్తుంది.

గుండె నుంచి చర్మం దాకా వచ్చే సంకేతం సుమారు ఒక మిల్లీవోల్టు. పక్కనే గోడలో 230 వోల్టులు. మంచం మీద పడుకున్న మనిషి ఒళ్లే యాంటెన్నాలా మారి ఆ రొదను పట్టేస్తుంది. గుండెపోటు అనుమానం ఉన్నప్పుడు ఎస్‌టీ భాగం, అంటే గీతలో పెద్ద మొన తర్వాత వచ్చే చదునైన ముక్క, ఒక మిల్లీమీటరు పైకి లేచిందా అని డాక్టరు వెతుకుతారు. గీతే మిల్లీమీటరు మందాన ఉంటే ఆయన ఏం తేల్చగలరు?

1905లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో, ఈసీజీకి ఆద్యుడైన శాస్త్రవేత్త ఐంథోవెన్, ఒకటిన్నర కిలోమీటర్ల దూరంలోని ఆస్పత్రి రోగుల గుండె సంకేతాన్ని టెలిఫోన్ తీగ మీద తన ప్రయోగశాలకు రప్పించుకున్నారు. నేడు తెలుగు రాష్ట్రాల్లోనూ చిన్న ఆస్పత్రిలో తీసిన ఈసీజీని దూరాన ఉన్న గుండె డాక్టరు చూసి, రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇమ్మని చెబుతున్నారు. మంచి ఏర్పాటే. కానీ ఆయన రోగిని చూడలేరు, ఆయన చేతిలో ఉన్నది ఆ గీత ఒక్కటే.

ఫిల్టర్ బటన్ నొక్కితే సరిపోతుందని అనుకోవడం పొరపాటు. 50 హెర్ట్జ్ ఫిల్టర్ అవసరమే. అయితే రొద పోవాలని 40 హెర్ట్జ్‌కు పైనున్నదంతా కోసేస్తే గుండె గీసిన సన్నటి మొనలు కూడా అరిగిపోతాయి. కొన్ని పాత యంత్రాల్లో గీత ఊగకుండా వేసే ఫిల్టర్ ఏకంగా ఎస్‌టీ భాగాన్నే వంకర చేస్తుంది. గీత అందంగా కనిపిస్తుంది, అందులోని నిజం మారిపోతుంది.

రొదను పుట్టిన చోటే ఆపాలి. కుడికాలికి పెట్టే క్లిప్పు గుండెను కొలవదు. ఒంట్లో చేరిన రొదను చాలా యంత్రాలు తిరగేసి ఆ తీగ గుండానే వెనక్కి పంపి రద్దు చేస్తాయి. అది వదులైనా, జెల్ ఎండినా, చర్మం తుడవకపోయినా ఆ పని దెబ్బతింటుంది. యంత్రాన్ని చార్జర్ నుంచి తీసి బ్యాటరీ మీద నడిపితేనే తేడా తెలిసే సందర్భాలు ఎన్నో. ఇంత ఓపిగ్గా చేయాలంటే టెక్నీషియన్‌కు శిక్షణ ఉండాలి, చేతిలో జెల్ ఉండాలి. అవి ఇవ్వకుండా తప్పంతా ఆ ఉద్యోగి మీద నెట్టడం అన్యాయం.

అన్నిటికంటే ముందు ఎర్తింగ్. భవనం కట్టినప్పుడు బొగ్గు, ఉప్పు వేసి తీసిన ఎర్త్ గుంతను తర్వాత పట్టించుకోకపోతే ఎండాకాలంలో నేల ఆరిపోయి అది పేరుకే మిగులుతుంది. మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నుల అడాప్టర్‌లో దూరిస్తే ఆ పేరు కూడా ఉండదు. ఏటా ఫిబ్రవరిలోగా ప్రతి ప్రభుత్వాసుపత్రిలో ఎర్త్ నిరోధాన్ని కొలిపించి, ఆ అంకెను, తేదీని ఈసీజీ గది తలుపు మీద రాయించాలని రెండు ప్రభుత్వాలనూ కోరుతున్నాం.