ఏడు నిమిషాల కనెక్షన్ గారికి బహిరంగ లేఖ

మహారాజరాజశ్రీ ఏడు నిమిషాల కనెక్షన్ గారికి,

ఉభయకుశలోపరి. మీ చిరునామా పట్టుకోవడం మాకేమీ కష్టం కాలేదు. జర్మనీ రైల్వే డాయిచ్ బాన్ వారి డీబీ నావిగేటర్ యాప్‌లో కొలోన్ నుంచి రోథెన్‌బర్గ్‌కి అని కొట్టగానే, ఒక రైలు దిగి ఇంకోటి ఎక్కడానికి మిగిలే వ్యవధిగా, రెండు రైళ్ల మధ్య చిన్న అక్షరాల్లో ఒద్దికగా కూర్చుని కనిపిస్తారు. మీ కింద 22 నిమిషాల వారుంటారు, ఇంకాస్త కిందికి పోతే 41 నిమిషాల వారు. వాళ్ల మొహం ఎవరూ చూడరు. మీతో వెళితే మొత్తం ప్రయాణం అరగంట తగ్గుతుంది మరి. మాస్టర్స్ చేస్తున్న కొడుకు అమ్మానాన్నల్ని పిలిపించుకుని, పన్నెండు రోజుల్లో తొమ్మిది ఊళ్లు చూపించేద్దామని ఎక్సెల్ షీటు తెరిచినప్పుడు అరగంటంటే మాటలా? దాంతో పదో ఊరు కూడా ఇరికించవచ్చు.

యాప్ మిమ్మల్ని పెళ్లిళ్ల పేరయ్యలా పరిచయం చేస్తుంది. ఏ ప్లాట్‌ఫారం, ఎన్నింటికి, ఏ బోగీ, అన్నీ చెప్పి ఒక్క సంగతి మాత్రం మింగేస్తుంది: మొదటి రైలు టైముకొస్తేనే మీరు ఏడు నిమిషాలు.

ఆ టైముకు రావడం అన్నదానికి అక్కడొక ప్రత్యేకమైన లెక్క ఉంది. 5 నిమిషాల 59 సెకన్ల దాకా ఆలస్యమైన రైలును డాయిచ్ బాన్ సకాలంలో వచ్చినట్టే రాసుకుంటుంది. అంటే రైల్వే రికార్డుల్లో ఏ మచ్చా లేని రోజున కూడా మీరు 1 నిమిషం 1 సెకనుకు కుంచించుకుపోవచ్చు. మచ్చ పడే రోజులూ తక్కువేం కాదు. 2024లో దూరప్రాంత రైళ్ల సమయపాలన 62.5 శాతం. అంటే ఎనిమిదింట మూడు ఆ ఆరు నిమిషాల వెసులుబాటు కూడా దాటేశాయి. పూర్తిగా రద్దయిన రైళ్లు ఈ లెక్కలోకే రావు. రాని రైలు ఆలస్యంగా వచ్చిందని ఎలా అంటాం, న్యాయమే.

తప్పంతా మీదని మేమనడం లేదు. ఒకే జత పట్టాల మీద గంటకు 250 కిలోమీటర్ల ఐసీఈ అనే వేగపు రైలు, పల్లెపల్లెకీ ఆగే లోకల్, బొగ్గు మోసే గూడ్సు నడవాలి. ఒకటి నిలబడితే దాని వెనక క్యూ కట్టినవన్నీ నిలబడతాయి. దానికి తోడు దశాబ్దాల కిందటి సిగ్నల్ క్యాబిన్లు. వాటిని బాగుచేయడానికి ఏకంగా లైన్లకు లైన్లే మూసేస్తున్నారు. ఫ్రాంక్‌ఫర్ట్-మాన్‌హైమ్ లైను 2024 జులై నుంచి డిసెంబర్ దాకా మూతపడింది. బెర్లిన్-హాంబర్గ్ లైను 2025 ఆగస్టులో మూసి, రైళ్లను ముప్పావుగంట చుట్టు తిప్పారు. అందుకే మేనత్త కొడుకు రెండేళ్ల కిందట తిరిగొచ్చి వాట్సాప్‌లో పంపిన ప్లాను ఊళ్ల పేర్లకు పనికొస్తుందేమో గానీ, అందులోని టైములు పనికిరావు.

మీ ప్రతాపం చూడాలంటే పెద్ద స్టేషన్లకే వెళ్లాలి. ఫ్రాంక్‌ఫర్ట్ మెయిన్ స్టేషన్‌లో పట్టాలు వచ్చి గోడ దగ్గర ఆగిపోతాయి. రెండు యూనిట్లు కలిపిన ఐసీఈ పొడవు 400 మీటర్లు. మేమున్నది తోక బోగీ అయితే, రైలంత పొడవూ నడిచి గోడ దాకా వెళ్లి, పక్కకు తిరిగి, ఇంకో ప్లాట్‌ఫారం వెంట మళ్లీ నడవాలి. చేతిలో 23 కిలోల పెట్టెలు రెండు. ఏడు నిమిషాలు ఆ గోడ దగ్గరే ఆవిరైపోతాయి. బెర్లిన్ మెయిన్ స్టేషన్‌లో నడక తక్కువే, ఎక్కుడు ఎక్కువ. 1 నుంచి 8 వరకు ప్లాట్‌ఫారాలు భూగర్భంలో, 11 నుంచి 16 వరకు నెత్తి మీద. మధ్యలో అంతస్తుల నిండా దుకాణాలు. గాజు లిఫ్టు ముందు పిల్లల బండ్లు, సైకిళ్లు, పెట్టెలతో ఒక జాతర. లిఫ్టు వచ్చేసరికి మీరు వెళ్లిపోయి ఉంటారు.

కొలోన్‌లో మీ చమత్కారం ఇంకో రకం. కొన్ని ఐసీఈలు కెథడ్రల్ పక్కనున్న మెయిన్ స్టేషన్‌కి రావు, రైన్ నది అవతల మెస్సె-డాయిట్స్ అనే స్టేషన్‌లో దింపేస్తాయి. వంతెన మీద లోకల్ రైల్లో రెండుమూడు నిమిషాల దారే. కానీ ఆ సంగతి టికెట్ మీద చదువుకుని ఉండాలి. స్టుట్‌గార్ట్‌లో కొత్త భూగర్భ స్టేషన్ పనులు 2010లో మొదలయ్యాయి, 2019కి తెరవాలనుకున్నారు, 2025 చివర్లో తేదీ మళ్లీ వెనక్కి జరిగింది. అందాకా తాత్కాలిక నడవాల్లో సాగి సాగి నడవాలి. అక్కడ మీరు కనిపిస్తే వెంటనే నమస్కారం పెట్టి తర్వాతి రైలు చూసుకోవడమే మర్యాద.

అసలు రైలు మారే పనే లేని చోట కూడా మీ చుట్టాలున్నారు. బెర్లిన్ నుంచి పశ్చిమానికి వెళ్లే కొన్ని ఐసీఈలు హామ్ అనే స్టేషన్‌లో రెండుగా విడిపోతాయి. ముందు సగం, వెనక సగం చెరో దారిన పోతాయి. ఒకటి వుప్పర్టాల్ మీదుగా కొలోన్‌కి, రెండోది ఎస్సెన్, డ్యూసెల్‌డార్ఫ్ వైపు. రిజర్వేషన్ లేకుండా దొరికిన సీట్లో కూలబడి నిద్రపోయినవాళ్లకు, కళ్లు తెరిచేసరికి వేరే ఊరు. బోగీ తలుపు పక్కనున్న తెరమీద గమ్యం పేరు చదివి ఎక్కడం అక్కడ తిరుపతి కొండమీద చెప్పులు విడవడమంత తప్పనిసరి. ఎక్కాల్సిన బోగీ ప్లాట్‌ఫారం మీద ఏ అక్షరం కింద ఆగుతుందో యాప్‌లో ఉంటుంది. కానీ "ఈ రోజు బోగీల వరుస తలకిందులు" అన్న మైకు ప్రకటన వినగానే ప్లాట్‌ఫారం మొత్తం ఎదురెదురుగా పరుగెత్తడం కూడా చూడదగిన విశేషమే, దానికి టికెట్ లేదు. రిజర్వు చేసుకున్న సీటును రైలు కదిలిన 15 నిమిషాల్లోపు చేరుకోకపోతే హక్కు పోతుందని ఆ పరుగులో గుర్తుపెట్టుకోవాలి.

ఇక డబ్బు సంగతి. మీకు జోడీగా యాప్ అమ్మేది సూపర్ స్పార్‌ప్రైస్ అనే చవక టికెట్. అది ఆ ఒక్క రైలుకే కట్టుబడి ఉంటుంది, రద్దు చేసుకుంటే పైసా రాదు. అయితే ఇక్కడే మీరు మాకు తెలియకుండా దాచిన మంచి మాట ఒకటుంది. మొత్తం ప్రయాణం ఒకే టికెట్ మీద ఉండి, గమ్యానికి 20 నిమిషాలో అంతకంటే ఎక్కువో ఆలస్యమయ్యేలా ఉంటే ఆ కట్టుబాటు ఊడిపోతుంది. తర్వాత వచ్చే రైలు ఎక్కొచ్చు. గంట ఆలస్యానికి టికెట్ ధరలో 25 శాతం, రెండు గంటలకు 50 శాతం తిరిగిస్తారు. మూడు నెలల్లోపు యాప్‌లోనే అడగాలి. తిరిగొచ్చేది 4 యూరోలకు తక్కువైతే ఇవ్వరు. అర్ధరాత్రి దాటాక తెల్లవారుజామున 5 లోపు దిగాల్సి వచ్చి, గంటకు మించి ఆలస్యమైతే, వేరే దారి లేనప్పుడు టాక్సీకి 120 యూరోల దాకా భరిస్తారు. రసీదు మాత్రం జాగ్రత్త.

ఈ వరాలన్నీ ఒకే టికెట్‌కి. మన తెలివిమంతులు నాలుగు యూరోలు మిగులుతాయని దారిని రెండు ముక్కలు చేసి రెండు టికెట్లు కొంటారు. మొదటి రైలు ఆలస్యమై రెండోది తప్పితే, రైల్వే దృష్టిలో రెండో రైలు సకాలంలో వెళ్లింది, ప్రయాణికుడే రాలేదు, అంతే. లోకల్ ప్రయాణాలకే చెల్లే నెలవారీ డాయిచ్‌లాండ్ టికెట్‌తో లోకల్ రైల్లో వుర్జ్‌బర్గ్ దాకా వచ్చి అక్కడ చవక ఐసీఈ ఎక్కుదామనుకునేవారిదీ ఇదే గతి. ఆ లోకల్ ముక్కను కూడా ఐసీఈ టికెట్‌లోనే కలిపి కొంటే ధర పెద్దగా మారకపోవచ్చు, రక్షణ మాత్రం మారుతుంది. తిరుగు దిశలో, అంటే ముందు ఐసీఈ, ఆ తర్వాత డాయిచ్‌లాండ్ టికెట్ లోకల్ అయితే భయం లేదు. ఒక లోకల్ తప్పితే ఇంకో లోకల్.

డాయిచ్‌లాండ్ టికెట్ గారికీ వేరే లేఖ రాయాల్సిందే. 2023 మేలో 49 యూరోలు, 2025లో 58, 2026 జనవరి నుంచి 63. దేశమంతా లోకల్ రైళ్లు, మెట్రోలు, ట్రాములు, బస్సులు ఎక్కనిస్తుంది, ఐసీఈ తలుపు మాత్రం తాకనివ్వదు. క్యాలెండర్ నెలకే చెల్లుతుంది గనక జూన్ 25న దిగి జులై 5న వెనుదిరిగేవాళ్లు రెండు నెలలకూ కట్టాలి. నెల 10వ తేదీలోపు రద్దు చేయకపోతే, ఇంటికొచ్చి ఆవకాయ కలుపుకుంటుండగా వచ్చే నెల డబ్బు కూడా అకౌంటులోంచి పోతుంది.

మీమీద మాకున్న పెద్ద ఫిర్యాదు ఇవేవీ కావు. మీరు చూడాల్సినవాటినే చూడనివ్వరు. కొలోన్-ఫ్రాంక్‌ఫర్ట్ అని కొడితే యాప్ మిమ్మల్ని వెంటబెట్టి గంటకు 300 కిలోమీటర్ల కొత్త లైను మీదికి తోస్తుంది. అటు సొరంగాలు, ఇటు హైవే. కోటలు, ద్రాక్షతోటలు, లోరెలై బండ ఉన్న రైన్ లోయ పాత లైను మీద ఉంది. విచిత్రమేమిటంటే ఆ లోయకు యునెస్కో గుర్తింపు వచ్చిందీ, దాన్ని తప్పించుకుపోయే కొత్త లైను మొదలైందీ ఒకే ఏడాది, 2002లో. లోయ చూడాలంటే యాప్‌లో మధ్య స్టేషన్‌గా కోబ్లెంజ్ అని పెట్టాలి. వేగం గంట పైచిలుకు పెరుగుతుంది, క్షమించాలి, సమయం పెరుగుతుంది. మీతో సావాసం వల్ల మాకీ రెండూ కలగలిసిపోయాయి. కొలోన్ నుంచి మైంజ్ వైపు వెళ్లేటప్పుడు ఎడమ కిటికీ పట్టుకోవాలి, నది అటే. ఊరూరా ఆగే ఆర్‌బీ 26 లోకల్‌లో వెళితే బాఖరాఖ్‌లోనో బోపార్డ్‌లోనో దిగి, కాసేపు తిరిగి, వెనక వచ్చేది ఎక్కొచ్చు.

రోథెన్‌బర్గ్ సంగతి చెప్పి తీరాలి. ముందు, ఊరు సరిగ్గా ఎంచుకోవాలి: తౌబర్ నది మీదిది. బ్రెమెన్, హాంబర్గ్‌ల మధ్య వూమ్మె నది ఒడ్డున ఒక రోటెన్‌బుర్గ్, ఫుల్డా నది మీద ఇంకొకటి, నెక్కర్ మీద రొట్టెన్‌బుర్గ్ మరొకటి, అందరూ మనవాళ్లే. ఫ్రాంక్‌ఫర్ట్ కూడా రెండు, ఓడర్ నది మీదిది పోలండ్ సరిహద్దులో ఉంది. తౌబర్ రోథెన్‌బర్గ్‌కి ఎటునుంచి వచ్చినా చివర్లో స్టైనాఖ్‌లో దిగి గంటకొకటి నడిచే చిన్న రైలెక్కాలి. ఆ ఊళ్లో మీరు మోసం చేస్తే శిక్ష గంట.

నాయ్‌ష్వాన్‌స్టైన్ కోట దగ్గరైతే మీ మోసం టికెట్టునే మింగేస్తుంది. లోపలికి పంపేది టికెట్ మీదున్న టైముకే, దాటితే అంతే. మ్యూనిక్ నుంచి ఫ్యూసెన్ దాకా రెండు గంటలు, అక్కణ్నుంచి 73 లేదా 78 నంబర్ బస్సు, ఆపైన కొండెక్కడానికి ముప్పావుగంట. ఆ రాష్ట్రపు లోకల్ రైళ్లలో ఒక రోజు తిరగనిచ్చే బవేరియా టికెట్ పనిదినాల్లో ఉదయం 9కి గానీ మొదలవదు. ఇవన్నీ కూడుకుంటే మధ్యాహ్నం 1 తర్వాతి స్లాట్ తీసుకోవాలి. 11.30 స్లాట్ కొన్నవాళ్లు కోటను కింది నుంచి చూసి, ఫొటో దిగి, బాగుందని చెబుతారు. నిజంగానే బాగుంటుంది.

కాబట్టి, అయ్యా, మీకు మేము సమర్పించుకునే విన్నపం ఇది. ఇకమీదట యాప్ సెట్టింగుల్లో కనీస మార్పు సమయం 20 నిమిషాలని పెట్టబోతున్నాం. బెర్లిన్, ఫ్రాంక్‌ఫర్ట్, స్టుట్‌గార్ట్‌లలో 30. ఫ్రాంక్‌ఫర్ట్ విమానాశ్రయంలో దిగిన రోజున, ఇమిగ్రేషను, పెట్టెలు, దూరప్రాంత రైళ్ల స్టేషన్ దాకా నడక కలిపి మూడు గంటలు వదిలి, రైలుకు కట్టుబడని టికెట్టే కొంటాం. రోజులో ఆఖరి రైలు ఎప్పుడూ ఎక్కం, దానికి ముందుదే. తొమ్మిది ఊళ్లలో తొమ్మిది హోటళ్లు మానేసి న్యూరెంబర్గ్‌లో నాలుగు రాత్రులు ఒకేచోట పెట్టెలు దించుతాం. బాంబర్గ్, రేగెన్స్‌బర్గ్, వుర్జ్‌బర్గ్ గంట అటూఇటూ, రోథెన్‌బర్గ్ గంటన్నర. చేతిలో సంచి తప్ప ఏమీ లేకుండా వెళ్లొస్తే, మీరు తప్పిపోయినా కాఫీ తాగి తర్వాతిది ఎక్కుతాం. షెంగెన్ వీసా దరఖాస్తుకు రోజువారీ ప్లాను ఇవ్వాలి గదా అంటారేమో, అందులో హోటళ్లు తగ్గితే కాగితాలూ తగ్గుతాయి.

మీ సెలవు కోరుతూ,
ఇట్లు,
23 కిలోల పెట్టెల సంఘం

తా.క.: మాన్‌హైమ్‌లో రెండు ఐసీఈలు ఒకే ప్లాట్‌ఫారానికి అటొకటి ఇటొకటి వచ్చి నిలబడే వేళల్లో మీమీద మాకు ఏ ఫిర్యాదూ లేదు. అక్కడ మూడు నిమిషాలైనా చాలు. ప్లాట్‌ఫారం మారిందని చివరి నిమిషంలో మైకులో చెప్పనంతవరకే సుమా.