ఏడాది కిందటి కాగితంతో ఈరోజు మనిషిని చూసుకుంటున్నాం

పెద్దవాళ్లకు ఇంట్లో సాయం కుదిర్చే రోజున కనిపించే శ్రద్ధ ఆ తర్వాత ఎటు పోతుందో నాకు ఎంత ఆలోచించినా అంతుపట్టదు. మొదటి రోజు అందరూ ఉంటారు. డాక్టరు చీటీ ముందు పెట్టుకుని, పొద్దున ఎవరు రావాలి, స్నానం ఎవరు చేయించాలి, ఏ మాత్ర ఎప్పుడు వేయాలి అని ఒకటికి రెండుసార్లు అడిగి రాసుకుంటారు. ఆ కాగితం గోడకెక్కుతుంది. ఏడాది పోయాక వెళ్లి చూస్తే అదే కాగితం, అవే గంటలు, అవే పనులు. మనిషి మాత్రం అప్పటి మనిషి కాదు. అడిగితే "అన్నీ ఏర్పాటు చేశాం కదా" అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

ఎదిగే పిల్లలకు ఆరు నెలలకోసారి చెప్పుల కొలత చూస్తాం. ఎనభై దాటిన మనిషి శరీరం కూడా అలాగే మారుతూ ఉంటుంది, పైగా ఆ మార్పు చెప్పి రాదు. వారం పది రోజులు మంచం పడితే చాలు. ఆరోగ్యంగా ఉన్న వృద్ధులను 10 రోజులు మంచం మీదే ఉంచి చేసిన పరిశోధన ఒకటి 2007లో వెలువడింది. ఆ కాస్త వ్యవధిలోనే వాళ్ల కాళ్లలో దాదాపు ఒక కిలో కండ కరిగిపోయింది. వాళ్లు ఏ జబ్బూ లేనివాళ్లు, గుర్తుంచుకోండి. అలాంటప్పుడు న్యుమోనియాతో ఆసుపత్రిలో ఉండి వచ్చిన మనిషికి పాత లెక్క ప్రకారమే ఉదయం ఒక గంట సాయం పంపితే దాన్ని సంరక్షణ అని ఎలా అంటాం?

మా పెద్దమ్మ విషయంలో సరిగ్గా ఇదే జరిగింది. ఆసుపత్రి నుంచి వచ్చాక కూడా, మనుషులను పంపే సంస్థ ఆ ఉదయపు గంటను మార్చలేదు. "ప్లాన్‌లో ఉన్నదే చేస్తాం" అన్నారు. ఆ ఇంట్లో కళ్లు తెరిచి చూసినవాళ్లకు ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదు. మంచం దగ్గర నుంచి బాత్రూమ్ తలుపు దాకా గోడ మీద నడుము ఎత్తున మరక చారలా సాగింది. రాత్రిపూట ఆమె గోడ పట్టుకుని నడిచిన జాడ అది. మందుల డబ్బాలో ఉదయం అరలన్నీ ఖాళీ, రాత్రి అరలు సగం అలాగే నిండుగా ఉన్నాయి. పొద్దున మాత్ర చేతికిచ్చే మనిషి ఉంది, రాత్రి లేదు. సంరక్షకురాలు రాసే నోటు పుస్తకం తిరగేస్తే పేజీ పేజీకీ అవే మూడు ముక్కలు: స్నానం చేయించాను, మందులు ఇచ్చాను, బాగున్నారు. కానీ ఆ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని అడిగితే గోడ మీద మరక, మిగిలిపోతున్న మాత్రలు, వేలికి వదులైపోయిన ఉంగరం, అన్నీ వరసగా చెప్పింది. ఆమెకు ఎప్పటినుంచో తెలుసు. ఆమెను అడిగినవాళ్లే లేరు.

ఇంకో మాట ఉంది, "వయసైపోయింది కదా" అని. దాని కింద ఎన్ని జబ్బులు దాక్కుంటాయో! నిన్నటిదాకా చక్కగా మాట్లాడిన మనిషి ఉన్నట్టుండి వేళ తెలియక, మనుషులను పోల్చుకోలేక తికమకపడుతుంటే అది వయసు కాదు. మూత్రంలో ఇన్ఫెక్షన్ కావచ్చు, ఒంట్లో నీరు తగ్గి ఉండవచ్చు, కొత్తగా మొదలుపెట్టిన మాత్ర కావచ్చు. అదే రోజు డాక్టరుకు చూపించాలి. లేవగానే కళ్లు తిరుగుతున్నాయంటే పడుకుని ఉన్నప్పుడు ఒకసారి, నిలబడిన మూడు నిమిషాల్లోపు ఒకసారి బీపీ చూడాలి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడిపోతే డాక్టరుకు వెంటనే చెప్పాలి. ఆసుపత్రిలో నిద్ర పట్టలేదని నాలుగు రోజులకు రాసిన మాత్ర ఇంటికి వచ్చాక ఏళ్ల తరబడి సాగుతుంది, ఎవరూ ఆపమనలేదు కాబట్టి. పెద్దవాళ్లకు హాని చేయగల మందుల జాబితాను అమెరికాలో డాక్టర్ మార్క్ బీర్స్ 1991లో మొదలుపెట్టారు. దాన్ని ఇప్పటికీ సవరిస్తూనే ఉన్నారు, 2023లోనూ సవరించారు. నిద్రమాత్రల్లో చాలా రకాలు అందులో ఉన్నాయి, తూలి పడే ప్రమాదం పెంచుతాయని. (అలాగని ఎవరూ సొంతంగా ఆపేయకండి. కొన్నిటిని మెల్లగా తగ్గించాలి, అది డాక్టరే చెప్పాలి.)

ఎలా చూడాలో తెలియక కాదు ఈ నిర్లక్ష్యం. మనిషి తన పనులు తాను ఎంతవరకు చేసుకోగలడో చూడటానికి 1963లోనే అమెరికా వైద్యుడు సిడ్నీ కాట్జ్ బృందం ఆరు పనులను కొలమానంగా పెట్టింది: స్నానం, బట్టలు వేసుకోవడం, మరుగుదొడ్డికి వెళ్లి రావడం, మంచం నుంచి కుర్చీలోకి మారడం, మలమూత్రాలను అదుపు చేసుకోవడం, తినడం. 1969లో లాటన్, బ్రాడీ అనే పరిశోధకులు మరో జాబితా ఇచ్చారు. ఫోను చేయడం, డబ్బు లెక్క చూసుకోవడం, మందులు తనంతట తాను వేసుకోవడం లాంటివి అందులో ఉంటాయి. మనం పట్టించుకోనిది ఈ రెండోదాన్నే. సాధారణంగా ముందు చేజారేవి ఇవే. కట్టిన బిల్లే మళ్లీ కట్టడం, ఫోను మోగుతుంటే ఎత్తకుండా దాని వంక చూస్తూ కూర్చోవడం, ఇవన్నీ స్నానానికి సాయం అవసరమయ్యే నాటికి చాలా ముందే మొదలై ఉంటాయి. నడక సంగతికి వస్తే, 1991 నుంచి ఉన్న ఒక తేలికైన పరీక్ష చాలు. కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, వెనక్కి తిరిగి వచ్చి కూర్చోవాలి. 12 సెకన్లు గానీ అంతకన్నా ఎక్కువ గానీ పట్టిందంటే పడిపోయే ముప్పు ఉన్నట్టు. దీనికి ఒక గడియారం, పక్కన ఆసరాగా ఒక మనిషి ఉంటే సరిపోతుంది.

మార్చడమంటే గంటలు పెంచడమే అనుకోకండి. తగ్గించాల్సినవీ ఉంటాయి, వాటి గురించి ఎవరూ మాట్లాడరు. పక్షవాతం వచ్చిన మనిషికి మొదటి నెలల్లో చొక్కా గుండీలు పెట్టిపెట్టాలి. ఫిజియోథెరపీతో చెయ్యి తిరిగాక కూడా రోజూ ఎవరో వచ్చి పెడుతూనే ఉంటారు, తొందరగా అయిపోతుందని. ఆయన చేతులు వేలాడేసి నిలబడతారు. పది నిమిషాలు పట్టినా తానే పెట్టుకోగలిగిన మనిషి దగ్గర ఆ పని లాగేసుకుంటే కొన్నాళ్లకు నిజంగానే చేతకాకుండా పోతుంది. దాన్ని సేవ అనడానికి నాకు నోరు రాదు.

అన్నిటికన్నా ముందు, ఈ మాటలన్నీ ఎవరి గురించో ఆ మనిషిని కూర్చోబెట్టి అడగండి. ఆమె ఎదుటే ఆమె గురించి "అమ్మ సరిగా తినడం లేదు" అని మూడో మనిషి గురించి చెప్పినట్టు చెప్పుకోవడం మానండి. వినికిడి యంత్రం పెట్టుకున్నాక, కళ్లజోడు తుడుచుకున్నాక, ఓపిక ఉన్న వేళ చూసి అడగండి. "ఎలా ఉన్నారు?" అంటే "బాగానే ఉన్నాను" అనే అంటారు. పిల్లలకు భారమవుతామని, ఇల్లు విడిచి వెళ్లమంటారేమోనని భయం. "రాత్రి బాత్రూమ్‌కు ఎలా వెళ్తున్నారు, ఒకసారి నడిచి చూపిస్తారా?" అనండి, సంగతి మొత్తం బయటపడుతుంది. కాసేపు కుటుంబం పక్కకు తప్పుకుని ఒంటరిగా మాట్లాడనివ్వడం కూడా అవసరమే. కొన్ని బాధలకు కారణం ఆ ఇంట్లోనే ఉంటుంది.

మనుషులను పంపే సంస్థలు ఆ కాగితాన్ని మళ్లీ సరిచూడటానికి చేసే సమీక్షల మీద నాకు ఇంకా పెద్ద ఫిర్యాదు ఉంది. ఫోనులో నాలుగు ప్రశ్నలు అడిగి ఫారం నింపేస్తారు. ఇంకా ఘోరం, ఖర్చు తగ్గించుకోవాలనుకున్నప్పుడే సమీక్ష గుర్తుకొస్తుంది. దాంతో ఆ పేరెత్తితేనే పెద్దవాళ్లు ఉన్న సాయం కూడా ఊడిపోతుందని బెదిరిపోయి, లేని ఓపిక తెచ్చుకుని లేచి నడిచి చూపిస్తారు. ఇంగ్లండ్‌లో వైద్యం, సంరక్షణ ఎలా ఉండాలో చెప్పే నైస్ సంస్థ 2015లో ఇచ్చిన మార్గదర్శకాలు సాయం మొదలైన 6 వారాల్లోపు మొదటి సమీక్ష, ఆ తర్వాత కనీసం ఏడాదికోసారి చేయాలంటున్నాయి. ఆ ఆరు వారాల గడువు నాకు నచ్చింది. ఏడాది మాత్రం చాలా ఎక్కువ. నన్నడిగితే మూడు నెలలకోసారి చూడాలి. మధ్యలో పడిపోయినా, ఆసుపత్రికి వెళ్లొచ్చినా, మందు మారినా, చూసుకునే మనిషి మారినా, తోడున్న భర్తో భార్యో పోయినా గడువు దాకా ఆగకూడదు.

చూసుకునేవాళ్ల పరిస్థితి కూడా ఆ కాగితం మీదికి రావాలి. డెబ్బై ఎనిమిదేళ్ల భార్య ఎనభై ఐదేళ్ల భర్తను రోజుకు ఎన్నిసార్లు మంచం మీద నుంచి లేపుతోందో, ఆమె నడుము ఎలా ఉందో ఎవరు రాస్తున్నారు? రాత్రి నాలుగుసార్లు లేచే కోడలు ఉద్యోగానికి వెళ్లి ఎలా నెట్టుకొస్తోందో ఎవరైనా అడిగారా? వాళ్లు కూలబడిన మరుసటి రోజు ఆ ఏర్పాటు మొత్తం కూలుతుంది. వాళ్లకు వారంలో ఎప్పుడు విశ్రాంతి, ఆ సమయంలో ఎవరు వస్తారు అన్నది కూడా పేరుతో సహా రాసి పెట్టాలి.

సమీక్షకు అందరూ కూర్చుని మాట్లాడుకున్నాక ఏం మారింది, ఎవరు చేస్తారు, ఏ తేదీలోపు అన్నది అదే రోజు రాయాలి. రాత్రి పనికి వచ్చే మనిషికి కూడా చెప్పాలి. కాగితాన్ని అక్షరం పెద్దదిగా రాసి పెద్దవాళ్ల చేతిలోనూ ఒక ప్రతి పెట్టాలి. రోజూ ఆ ఇంటికి వచ్చే సంరక్షకురాలు ఆ సమావేశంలో అందరితో పాటు కూర్చోవాలి, ఆ గంటకు ఆమెకు జీతం ఇవ్వాలి.